హనీమూన్ పేజీలో ఫొటోతో పాటు నెల కూడా వేయండి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో కొత్త దంపతుల కోసం వేసిన ‘తక్కువ ఖర్చులో విదేశీ హనీమూన్’ పేజీలు చదివాను. పది దేశాలు, ఒక్కో దేశానికి ఒక పెద్ద ఫొటో, దాని కింద నాలుగైదు వాక్యాలు. ఫొటోలు చాలా బాగున్నాయి. కానీ ఆ పేజీ చూసి డబ్బు కట్టబోయే జంటకి అక్కరకొచ్చే సమాచారం మాత్రం అందులో బాగా తక్కువ. నేను విమాన టికెట్లు, టూర్లు బుక్ చేసే ఒక చిన్న ఆఫీసులో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. పెళ్లి కుదిరిన వాళ్లు, కొత్తగా పెళ్లయిన వాళ్లు నా టేబుల్ ఎదురుగా కూర్చుని లెక్కలు వేసుకుంటారు. వాళ్లలో చాలామంది ఫోన్‌లో ఇలాంటి పేజీనే ఫొటో తీసి పెట్టుకుని వస్తారు. అందుకే ఉత్తరం పొడవైనా పూర్తిగా రాస్తున్నాను.

వచ్చిన వాళ్లు మొదట అడిగేది “ఏ దేశం చవకండీ?” అని. నేను తిరిగి అడిగేది “ఏ నెలలో వెళ్తారు?” అని. నెల తెలియకుండా ఏ దేశం చవకో చెప్పడం నావల్ల కాదు, ఎవరివల్లా కాదు.

మీ కథనంలో థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌ని ‘ఏడాది పొడవునా వెళ్లదగ్గ చోటు’ అన్నారు. పక్కనే మాయా బే అనే బీచ్ ఫొటో వేశారు. థాయ్‌లాండ్‌కి రెండు వైపులా సముద్రం ఉంది. ఫుకెట్, క్రాబీ ఉన్న అండమాన్ సముద్రం వైపు మే నుంచి అక్టోబరు దాకా నైరుతి రుతుపవనాల కాలం. అలలు పెద్దవిగా ఉంటాయి, బీచ్‌లో ఎర్ర జెండాలు పాతుతారు, దీవులకి వెళ్లే స్పీడ్ బోట్లు ఏ రోజు ఆగిపోతాయో చెప్పలేం. సిమిలన్ దీవులనైతే మే మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా మూసే ఉంచుతారు. మీరు ఫొటో వేసిన మాయా బే జనం తాకిడికి పగడాలు దెబ్బతినడంతో 2018లో మూతపడింది, మళ్లీ 2022 జనవరిలో తెరిచారు. ఇప్పటికీ ఏటా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో దాన్ని మూసేస్తారు. ఫుకెట్ హోటళ్లు బాగా తక్కువకి దొరికేది కూడా ఆ రోజుల్లోనే! ఆ రేటు చూసి బుక్ చేసుకున్న జంట, ఫొటోలో చూసిన చోటికి వెళ్లే వీలే లేదని అక్కడ దిగాక తెలుసుకుంటే ఎంత ఉసూరుమంటారో ఆలోచించండి. అదే దేశంలో అటువైపు, థాయ్‌లాండ్ సింధుశాఖలో ఉన్న కో సముయి దీవిలో జులై, ఆగస్టుల్లో వాతావరణం చాలా మెరుగ్గా ఉంటుంది. అక్కడ భారీ వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అంటే అదే డబ్బు, అదే సెలవు. దిగాల్సిన ఎయిర్‌పోర్ట్ మాత్రమే వేరు.

శ్రీలంకకీ ఇదే వర్తిస్తుంది. బెంతోట, గాల్, మిరిస్స ఉన్న నైరుతి తీరానికి డిసెంబరు నుంచి మార్చి దాకా మంచి కాలం. మే నుంచి సెప్టెంబరు మధ్యలో వెళ్లేవాళ్లు తూర్పు తీరంలో ట్రింకోమలీ వైపు చూడాలి. వియత్నాంలో హోయ్ ఆన్ యునెస్కో గుర్తింపు ఉన్న పాత పట్టణం, రాత్రిపూట లాంతర్ల వెలుగులో ఎంతో అందంగా ఉంటుంది. కానీ అక్టోబరు, నవంబరు నెలల్లో తూ బోన్ నది పొంగి ఆ వీధుల్లోకే నీళ్లు వస్తుంటాయి. మారిషస్‌కి నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుపాన్ల కాలం.

ఆఫ్ సీజన్ అన్న మాట అన్ని చోట్లా ఒకేలా పనిచేయదు. బాలిలో నవంబరు నుంచి మార్చి దాకా వానాకాలమే అయినా, చాలా రోజుల్లో కొన్ని గంటలు గట్టిగా కురిసి తెరిపి ఇస్తుంది. చుట్టూ వరి మడులు పచ్చగా ఉంటాయి, గది రేటు తగ్గుతుంది. వానకి విసుక్కోని జంటకి నేను ధైర్యంగా చెప్తాను, వెళ్లి రండని. ఫుకెట్ ఉన్న అండమాన్ సముద్ర తీరంలో రుతుపవనాల కాలం అలా కాదు. అక్కడికి వెళ్లేదే సముద్రం కోసం, ఆ సముద్రంలోకే చాలా రోజులు దిగనివ్వరు. రేటు ఎందుకు తగ్గిందో తెలుసుకుని, ఆ కారణం మనకి పర్వాలేదనిపిస్తేనే డబ్బు కట్టాలి. ఏ రిస్కూ వద్దనుకునే వాళ్లకి సీజన్ మొదట్లోనో చివర్లోనో ఉండే వారాలు మంచివి. బాలికి మే, జూన్, సెప్టెంబరు అలాంటివి. ఎండ ఉంటుంది, జులై ఆగస్టుల్లో ఉండే రద్దీ, రేట్లు ఉండవు.

బాలి గురించే ఇంకో మాట. అక్కడ మార్చి నెలలోనో, కొన్నేళ్లలో ఏప్రిల్‌కి దగ్గరగానో న్యేపి అనే మౌన దినం వస్తుంది. ఆ రోజు 24 గంటల పాటు ఎయిర్‌పోర్ట్ కూడా మూసేస్తారు. పర్యాటకులు సహా ఎవరూ హోటల్ దాటి బయటికి రాకూడదు, రాత్రి దీపాలు బాగా తగ్గించేస్తారు. ముందే తెలిసి మంచి హోటల్ చూసుకుంటే అది హనీమూన్‌లో అన్నిటికన్నా బాగా గుర్తుండే రోజు కావచ్చు. తెలియకుండా వెళ్లి, ఆ రోజుకే కారు, బోటు బుక్ చేసుకుంటే కట్టిన డబ్బు పోయినట్టే. మీ పేజీలో దీనికి ఒక్క వాక్యం సరిపోయేది.

నెల తేలాక తేల్చాల్సింది ఎన్ని చోట్ల మకాం అని. మధ్యతరగతి బడ్జెట్ ఎక్కువగా కరిగిపోయేది ఇక్కడే. దీన్ని నా ఇంట్లోనే జరిగిన విషయంతో చెప్తాను. మా అక్క కొడుకు, కోడలు బాలి వెళ్దామనుకుని బయట ఎవరో ఇచ్చిన క్వొటేషన్ పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. ఏడు రాత్రులు. కుటాలో రెండు, ఉబుద్‌లో రెండు, గిలి ట్రవాంగన్ దీవిలో రెండు, నూసా పెనిడా దీవిలో ఒకటి. చూడ్డానికి నిండుగా ఉంది. నేను పెన్సిల్ తీసుకుని ప్రతి రోజు పక్కనా గంటలు రాయడం మొదలుపెట్టాను. ఉబుద్‌లో పొద్దున్నే లేచి సామాను సర్దుకుని పడాంగ్ బాయ్ రేవుకి రోడ్డు మీద గంట పైనే. అక్కడ బోటు కోసం ఎదురుచూపు. ఫాస్ట్ బోటులో మళ్లీ గంటన్నర, రెండు గంటలు. దిగేసరికి గది సిద్ధంగా ఉండదు, ఎందుకంటే చాలా హోటళ్లలో చెక్-ఇన్ మధ్యాహ్నం రెండుకో మూడుకో. ఇలా హోటల్ మారిన ప్రతిసారీ ఒక పూట పోయింది. వెళ్లే రోజు, వచ్చే రోజు తీసేస్తే మిగిలిన రోజుల్లో నాలుగో వంతు దాకా దారిలోనే.

కోడలు ఆ కాగితం తనవైపు తిప్పుకుని పైనుంచి కిందకి చూసింది. “అత్తయ్యా, ఇందులో మేమిద్దరం ఊరికే కూర్చునే రోజు ఏదీ?” అంది. మావాడు “అంత దూరం వెళ్లి అన్నీ చూడకుండా వస్తామా పిన్నీ” అన్నాడు. ఇద్దరి మాటా విన్నాను. అప్పుడు ట్రాన్స్‌ఫర్ల ఖర్చంతా విడిగా ఒక వరసలో కూడి చూపించాను. కారు, ఫాస్ట్ బోట్లు, మళ్లీ కారు. ఆ మొత్తం మంచి గదిలో రెండు రాత్రుల అద్దెకి దగ్గరగా వచ్చింది. మావాడు ఇంక మాట్లాడలేదు. చివరికి ఉబుద్‌లో నాలుగు రాత్రులు, సానూర్ నుంచి బోటులో అరగంట పైచిలుకులో చేరే నూసా లెంబోంగన్ దీవిలో మూడు రాత్రులు అని తేల్చుకున్నారు. మిగిలిన డబ్బుతో పొలాల వైపు బాల్కనీ ఉన్న గది తీసుకున్నారు. వచ్చాక వాళ్లు ఎక్కువగా చెప్పింది ఆ బాల్కనీ గురించే.

వారం రోజుల సెలవుకి ఒక చోటు, మహా అయితే రెండు. నేను అందరికీ చెప్పేది ఇదే. ఒకే హోటల్‌లో ఎక్కువ రాత్రులు ఉంటే రేటు తగ్గించమని అడిగే చనువు కూడా ఉంటుంది. నాలుగు దేశాల స్టాంపులు పాస్‌పోర్ట్‌లో వేయించుకోవాలన్న ఆశ అర్థం చేసుకోగలను. కానీ పెళ్లి పనులతో అలిసిపోయిన ఇద్దరు మనుషులు రోజూ తెల్లవారుజామున అలారం పెట్టుకుని లేచి బస్సెక్కడం కోసం డబ్బు కడుతుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇక మాల్దీవులు. మీ పేజీలో మొదటి ఫొటో అదే, నీళ్ల మీద కట్టిన గది. ‘తక్కువ ఖర్చు’ అని హెడ్డింగ్ పెట్టి ఆ ఫొటో వేయడం న్యాయం కాదు. మాల్దీవులకి మామూలు బడ్జెట్‌లో వెళ్లే దారి ఉంది, నేను చాలామందిని పంపించాను, కానీ ఆ దారి మీ కథనంలో లేదు.

ముందు రిసార్ట్ రేటు ఎలా చదవాలో చెప్పాలి. రోజుకి 200 డాలర్లు అని రాసి పక్కన రెండు ప్లస్ గుర్తులు పెడతారు. వాటి అర్థం సర్వీస్ చార్జీ, పన్ను వేరే అని. సర్వీస్ చార్జీ 10 శాతం, అంటే 220 అయింది. దాని మీద పర్యాటక జీఎస్టీ. అది 2025 జులై నుంచి 17 శాతం. మొత్తం 257 డాలర్లు దాటింది. ఆపైన గ్రీన్ ట్యాక్స్. 2025 జనవరి నుంచి రిసార్టుల్లో మనిషికి రోజుకి 12 డాలర్లు, ఇద్దరికీ 24. ఇప్పుడు 200 డాలర్ల గది 281 డాలర్లయింది, ఇంకా ఒక్క ముద్ద తినలేదు. తిండి రిసార్ట్‌లోనే కొనుక్కోవాలి, ఎందుకంటే మామూలుగా ఒక దీవికి ఒకటే రిసార్ట్, బయట ఇంకో హోటల్ ఉండదు. అందుకని రేటులో బ్రేక్‌ఫాస్ట్ ఒక్కటే ఉందా, రాత్రి భోజనం కూడా ఉందా, మూడు పూటలా ఉందా అన్నది గది రేటు అంత ముఖ్యం.

తర్వాత ట్రాన్స్‌ఫర్. దూరంగా ఉన్న రిసార్టులకి సీప్లేన్‌లో, అంటే నీళ్ల మీద దిగే చిన్న విమానంలో వెళ్లాలి. మనిషికి వందల డాలర్లు. సీప్లేన్లు పగటి వెలుతురులో మాత్రమే ఎగురుతాయి. మన విమానం సాయంత్రం దిగితే ఆ రాత్రికి రాజధాని మాలేలోనో, దాని పక్కనున్న హుల్హుమాలేలోనో గది తీసుకోవాలి. అంటే రిసార్ట్‌లో ఒక రాత్రి తగ్గింది, ఊళ్లో ఒక హోటల్ ఖర్చు పెరిగింది. చవక ఫ్లైట్ టికెట్ దొరికిందని సంబరపడే ముందు అది ఎన్ని గంటలకి దిగుతుందో చూడాలి. ఇది నేను ఫోన్‌లో ఎన్నిసార్లు చెప్పి ఉంటానో!

మామూలు బడ్జెట్ వాళ్లకి నేను చెప్పేది స్థానిక దీవులు. మాల్దీవుల్లో దాదాపు 1,190 దీవులుంటే జనం ఉండేవి ఓ 200. అక్కడ గెస్ట్ హౌస్‌లకి 2009 తర్వాత దారి తెరుచుకుంది. మాఫుషి, తులుస్దూ, దిగురా లాంటి దీవుల్లో శుభ్రమైన గదులు రిసార్ట్ రేటులో చిన్న భాగానికే దొరుకుతాయి. సముద్రం అదే, నీలం అదే. యాభై గదుల లోపు గెస్ట్ హౌస్‌ల్లో గ్రీన్ ట్యాక్స్ కూడా సగమే, 6 డాలర్లు. కానీ వెళ్లేవాళ్లకి కొన్ని ముందే చెప్పాలి. స్థానిక దీవుల్లో మద్యం దొరకదు. ఊళ్లో ఒళ్లు కప్పే బట్టలు వేసుకోవాలి, స్విమ్ డ్రెస్‌లకి విడిగా ఒక బీచ్ కేటాయిస్తారు. ప్రభుత్వ ఫెర్రీలు చవకే కానీ శుక్రవారాలు చాలావరకు నడవవు. రంజాన్ నెలలో పగటిపూట తినే చోట్లు చాలావరకు మూసి ఉంటాయి. ఇవన్నీ సరే అనుకున్న జంట నాలుగైదు రాత్రులు గెస్ట్ హౌస్‌లో ఉండి, నీళ్ల మీద గది చూడాలన్న కోరిక బలంగా ఉంటే చివరి ఒక్క రాత్రి స్పీడ్ బోటు దూరంలో ఉన్న రిసార్ట్‌లో గడపొచ్చు. లేదంటే డే పాస్ తీసుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక రిసార్ట్‌లో ఉండి రావచ్చు. ఇలా వెళ్లొచ్చిన వాళ్లెవరూ నాతో లోటు జరిగిందని అనలేదు.

యూరప్ గురించి క్లుప్తంగానే చెప్తాను, ఎందుకంటే మామూలు బడ్జెట్‌లో అది కుదరాలంటే కనీసం ఆరు నెలల ముందు నుంచి పని చేయాలి. యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెన్‌గెన్ వీసా అవసరమైన వాళ్లు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి, ఆలస్యమైతే 15 రోజుల ముందు దాకా దరఖాస్తు చేసుకోవచ్చు. కానీ ఆ చివరి తేదీని నమ్ముకోకండి, పరిశీలన 45 రోజుల దాకా సాగవచ్చని నిబంధనల్లోనే ఉంది. పెద్దవాళ్లకి ఫీజు 90 యూరోలు, వీసా రాకపోయినా తిరిగి ఇవ్వరు. కనీసం 30,000 యూరోల ఇన్సూరెన్స్ ఉండాలి. అందరూ చూసే గ్రీస్ దీవి సాంటొరీనిలో జులై, ఆగస్టు రేట్లు మామూలు జంట తట్టుకోలేదు. మే చివర్లోనో సెప్టెంబరులోనో వెళ్లి, ఎక్కువ రాత్రులు నాక్సోస్ లాంటి పక్క దీవిలో ఉండి, ఫెర్రీలో సాంటొరీని చూసి రావడం మంచిది.

కాగితాల విషయంలో కొత్త దంపతులకి ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఒకటుంది. పెళ్లయ్యాక అమ్మాయి ఇంటిపేరు మార్చుకోవాలనుకుంటుంది, టికెట్ కొత్త పేరుతో బుక్ చేస్తారు, పాస్‌పోర్ట్‌లో పాత పేరు ఉంటుంది. టికెట్, వీసా, పాస్‌పోర్ట్ మూడింటిలోనూ పేరు ఒకేలా ఉండాలి. పేరు మార్చుకునే ఆలోచన ఉంటే తిరిగి వచ్చాక నిదానంగా మార్చుకోవచ్చు, ప్రయాణానికి మాత్రం పాస్‌పోర్ట్‌లో ఉన్న పేరే వాడండి. ఈ ఒక్క పేరు తేడాతో కౌంటర్ దగ్గర కన్నీళ్లు పెట్టుకున్న అమ్మాయితో నేను ఫోన్‌లో మాట్లాడాను. ఆ టికెట్ మా ఆఫీసు చేసింది కాదు, అయినా ఆ రోజు నాకు అన్నం సయించలేదు. పాస్‌పోర్ట్ గడువు కూడా చూసుకోండి. థాయ్‌లాండ్, ఇండోనేషియా, శ్రీలంక లాంటి చోట్లకి దిగే రోజు నుంచి ఆరు నెలల గడువు ఉండాలనుకుని బయల్దేరడం క్షేమం.

వీసా, అరైవల్ కార్డు (దేశంలోకి వచ్చేవాళ్లు నింపే ఫారం) లాంటివి ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే చేసుకోవాలి. థాయ్‌లాండ్ 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు పెట్టింది. అది ఉచితం. కానీ అచ్చం ప్రభుత్వ సైట్‌లా కనిపించేవి కొన్ని దానికీ డబ్బు గుంజుతున్నాయి. వియత్నాం ఈ-వీసా ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు, 90 రోజుల దాకా ఇస్తున్నారు. ఎవరైనా అంతకు మించి అడిగితే ఆ ఎక్కువ దేనికో అడగండి. మా లాంటి ఆఫీసులు సర్వీస్ చార్జీ తీసుకుంటాయి, అది ఎంతో విడిగా రాసి ఇవ్వమని అడిగే హక్కు మీకుంది. బాలిలో 2024 ఫిబ్రవరి 14 నుంచి ప్రతి విదేశీ పర్యాటకుడూ 1,50,000 రూపయ్యాల (అది ఇండోనేషియా కరెన్సీ) రుసుము కట్టాలి. ఇది వీసా ఫీజుకి అదనం.

డబ్బు సంగతి. నా దగ్గరికి వచ్చే వాళ్లకి ముందు మొత్తం రాయమంటాను, తర్వాతే మ్యాప్ తెరుస్తాను. ఆ మొత్తంలో వందకి పది పక్కన పెట్టమంటాను, అది ఎవరూ ముట్టుకోకూడదు. రద్దయిన బోటుకి, జ్వరానికి, పోయిన బ్యాగుకి అది. మిగిలినదాంట్లో విమానం టికెట్లు సగానికి మించితే అంత దూరం ఇప్పుడు వద్దని చెప్తాను. తక్కువ రేటు విమానాల్లో చెక్-ఇన్ బ్యాగేజీ విడిగా కొనాలి, అది టికెట్‌తో పాటే కొంటే తక్కువలో పోతుంది, ఎయిర్‌పోర్ట్‌లో కొంటే చాలా ఎక్కువ. ఒక ఊరికి వెళ్లి ఇంకో ఊరి నుంచి వచ్చే టికెట్ చూడండి. ఉదాహరణకి హనోయ్‌లో దిగి హో చి మిన్ సిటీ నుంచి తిరిగి వస్తే, వెనక్కి వెళ్లే ఖర్చు, ఒక రోజు కలిసొస్తాయి. విదేశంలో కార్డు గీకినప్పుడు మెషీన్ మీద ‘మీ కరెన్సీలో కట్టాలా, ఇక్కడి కరెన్సీలోనా’ అని అడిగితే అక్కడి కరెన్సీనే ఎంచుకోండి. మన కరెన్సీ నొక్కితే మార్పిడి రేటు వాళ్లే వేస్తారు, అది మనకి నష్టం. హోటల్ వాళ్లు డిపాజిట్ కింద కార్డులో కొంత బ్లాక్ చేస్తారు, అది రావడానికి కొన్ని రోజులు పడుతుంది. చేతిలో ఉన్న ఒక్క కార్డులో ఉన్నదంతా అలా ఇరుక్కోకుండా రెండు కార్డులు పట్టుకెళ్లండి.

అప్పు చేసి హనీమూన్‌కి వెళ్లొద్దని నేను గట్టిగా చెప్తాను. నా ఉద్యోగం టికెట్లు అమ్మడం. ఈఎంఐ మీద ప్యాకేజీ అమ్మితే మా ఆఫీసుకే లాభం. అయినా కొత్త కాపురంలో మొదటి నెల నుంచే బ్యాంకు మెసేజ్ రావడం మొదలైతే, ఆ ప్రయాణం గురించి ఇద్దరూ సంతోషంగా మాట్లాడుకోలేరు. డబ్బు సరిపోకపోతే ఆరు నెలలు ఆగండి. పెళ్లయిన వారానికే విమానం ఎక్కాలని ఎవరూ చట్టం చేయలేదు. ఆగినందువల్ల మంచి నెల, మంచి రేటు కూడా దొరుకుతాయి.

హోటల్ బుక్ చేసేటప్పుడు హనీమూన్ అని ఒక లైను రాయండి. మంచం మీద పూలు, ఒక కేకు, వీలైతే పెద్ద గది చాలాచోట్ల ఉచితంగానే ఇస్తారు. వీటినే ‘హనీమూన్ స్పెషల్’ అని ప్యాకేజీలో కలిపి డబ్బు వేసే వాళ్లున్నారు. మారిషస్ రిసార్టులు కొన్ని కొత్త దంపతులకి మంచి తగ్గింపులే ఇస్తాయి, కానీ పెళ్లి సర్టిఫికెట్ కాపీ అడుగుతాయి. పట్టుకెళ్లడం మరవకండి. స్కూటర్ అద్దెకి తీసుకునే వాళ్లు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి, హెల్మెట్ పెట్టుకోండి. సరైన లైసెన్స్ లేకుండా పడితే ట్రావెల్ ఇన్సూరెన్స్ వాళ్లు పైసా ఇవ్వకపోవచ్చు, ఆసుపత్రి బిల్లు మాత్రం డాలర్లలో వస్తుంది.

ఇవన్నీ ఒక ఎత్తు. నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇద్దరూ కలిసి కూర్చుని ప్లాన్ చేసుకోవడం. ఒక జంట వచ్చారు. అబ్బాయి అంతా చదివి పెట్టుకున్నాడు, చకచకా చెప్తున్నాడు. క్రాబీ, ఫీ ఫీ దీవులు, స్నార్కెలింగ్, రోజూ బోటు. అమ్మాయి తల ఊపుతోంది. మధ్యలో అతనికి ఫోన్ వచ్చి బయటికి వెళ్లాడు. అమ్మాయి ముందుకి వంగి మెల్లగా అడిగింది, “మేడమ్, బోటులో కళ్లు తిరక్కుండా మాత్రలేమైనా ఉంటాయా?” అని. కాసేపు మాట్లాడితే తేలింది, తనకి నీళ్లంటే చిన్నప్పటి నుంచి భయం, బోటెక్కితే వాంతులు. అతను అంత ఇష్టపడుతుంటే కాదనలేక ఊరుకుంది. అతను లోపలికి రాగానే ఆ విషయం తననే చెప్పమన్నాను. చెప్పింది. అబ్బాయి ఒక్క క్షణం ఆగి, “ఇన్ని రోజులూ చెప్పలేదేంటి? మనిద్దరం వెళ్లేది కదా” అన్నాడు. వాళ్లు శ్రీలంక కొండల్లోకి వెళ్లారు. కాండీ నుంచి ఎల్లా దాకా తేయాకు తోటల మధ్యగా వెళ్లే రైలు, ఎల్లాలో నైన్ ఆర్చ్ వంతెన దగ్గర్లో చిన్న హోమ్ స్టే. ముందనుకున్న ఖర్చు కన్నా బాగా తక్కువలో అయిపోయింది.

అందుకని పెద్దలకీ ఒక మనవి. కొడుకు, కూతురు మీద ప్రేమతో మీరే ప్యాకేజీ కొని కవర్లో పెట్టి ఇవ్వకండి. ఆ డబ్బు ఇవ్వండి, వాళ్లిద్దరినీ నిర్ణయించుకోనివ్వండి. నాన్-రిఫండబుల్ ప్యాకేజీ ఒకసారి కొన్నాక తేదీ మార్చాలన్నా జరిమానాయే.

సంపాదకుల వారికి నా విన్నపం ఇది. ఈసారి ఇలాంటి పేజీ వేసినప్పుడు దేశాలు పది అక్కర్లేదు, నాలుగు చాలు. ఒక్కోదాని కింద ఏ నెలలు మంచివో, ఏ నెలల్లో ఏం మూసి ఉంటుందో వేయండి. విమానం దిగిన దగ్గర్నుంచి గది దాకా ఎలా వెళ్లాలో, దానికి ఎంత సమయం, ఎంత ఖర్చో రాయండి. రేటు రాస్తే పన్నులతో కలిపి రాయండి, తిండి ఉందో లేదో చెప్పండి. వీసా నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఏ తేదీ నాటి సమాచారమో కింద వేయండి. ప్యాకేజీ అమ్మే సంస్థ ఇచ్చిన సమాచారమే అయితే అది ప్రకటన అని పైన స్పష్టంగా అచ్చు వేయండి, ఎందుకంటే పాఠకులు మీ పేపర్లో వచ్చిందంటే నిజమని నమ్మి డబ్బు కడతారు. ఫొటో సైజు కాస్త తగ్గిస్తే వీటన్నిటికీ చోటు సరిపోతుంది. ఆ నాలుగు చోట్ల వివరాలు సరిచూడటానికి మనిషి కావాలంటే నేను ఏ ప్రతిఫలమూ లేకుండా ఆ పని చేసి పెడతాను.

ఇట్లు,
టికెట్ బుకింగ్ ఆఫీసులో పనిచేసే మీ పాఠకురాలు